తిరగబడ్డ అక్షరం

మా తాత కాసె పోలయ్యకి ఇంగ్లీషు రాదు.
ఒడియా మాటాడతాడు, తెలుగులో సంతకం పెడతాడు,
రాయి భాష మటుకు తల్లి భాష.
పర్లాకిమిడి మిషను దొర
పెన్సిలుతో రాసిచ్చిన ఐదు పేర్లని
చీమల బారుని చూసినట్టు చూసి
ఒక్కో చీమనీ ఉలితో
రాతి మీదకి ఎక్కించాడు.

నలభై నాలుగు, ఆషాఢం.
మహేంద్రగిరి మీద దిగిన మబ్బు
మూడు రోజులు లేవలేదు.
అందులోకి దూరిన అమెరికా విమానం
అవతల పక్కకి రాలేదు.
పోడులో చోళ్ళు జల్లుతున్న సవర సొంబారు గొమాంగో
మబ్బు కడుపులో ఎర్రగా రాజుకోవడం చూసి
విత్తుల బుట్ట అక్కడే దించేశాడంట.
డోలీలు కట్టి ఐదుగుర్నీ దించారు.
"దొరలంటే బరువుంటారనుకున్నాం.
మా కుర్రోళ్ళంతే ఉన్నారు"
అని మాత్రం అన్నాడంట.

మిషను గోడ వెనక ఐదు గోతులు.
మూడో రాతి మీద, లిండ్‌గ్రెన్ అన్న పేరులో
రెండు ఎన్‌లలో ఒకటి తిరగబడింది.
దొర చూశాడు. ఏమీ అనలేదు.
కూలి డబ్బులూ తగ్గించలేదు.
అదే తాతని కాల్చింది.
బడికెళ్ళే ప్రతి పిల్లాడినీ ఆపి అడిగేవాడు,
నన్ను కూడా అడిగాడు, పలక పట్టుకుని నేను గడప దాటిన మొదటిరోజే:
"అచ్చరం తిరగబడితే
పేరు మారిపోతాదేట్రా?"

అంతకు రెండేళ్ళ ముందు
రంగం మీద బాంబులు పడ్డప్పుడు
రేవులో మూటలు మోసే తాత తమ్ముడు ఎర్రయ్య
కాలినడకన ఇంటికి బయల్దేరాడు.
ఇంకా రాలేదు.
సిపాయి కాడు కాబట్టి ఏ జాబితాలోనూ తప్పిపోలేదు.

యుద్ధం అయిపోయాక లారీల్లో వచ్చారు
అమెరికా వాళ్ళు, కాగితాలతో, తెల్లటి పళ్ళేలతో.
గోతులు తవ్వి, ఎముకలు లెక్కపెట్టి,
ఒక్క పన్ను తక్కువైందని
పొద్దుగూకేదాకా మట్టి జల్లించారు.
జల్లెడ పట్టడానికి పిలిచిన కూలివాళ్ళలో
మా నాయనమ్మ నారమ్మ ఉంది.
దొరికింది ఆమెకే. బియ్యంలో రాయిలా తగిలిందంట.
అరచేతిలో పెట్టుకుని కాసేపు ఇవ్వలేదంట.
ఎందుకే అంటే, "ఊరికే" అనేది.

పెట్టెలు వెళ్ళిపోయాయి, రాళ్ళు మిగిలాయి.
ఒకటి కల్వర్టులో కలిసింది.
రెండు రైసుమిల్లు మెట్లయ్యాయి.
ఇంకోటి ఏమైందో తెలీదు.
మూడోది, తప్పున్నది,
తాత బండి మీద ఇంటికి తెచ్చి నూతి దగ్గర వేశాడు.
బట్టలుతకడానికి అనుకున్నాం.
నాయనమ్మ ఒక్క గుడ్డ కూడా ఉతకనివ్వలేదు.
ఏటా పెద్దల అమావాస్యకి
దాని మీద నీళ్ళొదిలి, ముద్ద పెట్టి, కాకిని పిలిచేది.
"వాడెవడో పరాయోడే" అని మా అమ్మ అంటే
"ఇది ఎముకల్లేని గోరీ.
మా మరిది గోరీ లేని ఎముక.
రెండూ ఒకటి చేసుకుంటే తప్పేటి?"

మొన్న కార్తీకంలో కొండెక్కాను.
సవర్లు చచ్చినవాళ్ళకి రాళ్ళు నాటే చోట,
పెద్దల రాళ్ళ వరసకి కాస్త ఎడంగా,
విమానం పడ్డ దిక్కుకి మొహం పెట్టి ఉన్నాయి.
దున్నపోతుని కోసి గువార్ చేశారంట అప్పట్లో,
ఊరూ పేరూ తెలియని పిల్లలకి.
లెక్కపెట్టాను. ఆరు.
"ఐదుగురు కదా?"
సొంబారు మనవడు బీడీ ఆర్పి నవ్వాడు.
"మా తాత ఆరు నాటాడు.
ఆరోది మోసుకొచ్చింది మీవాడేనంట.
ఎవరికని మావాళ్ళు అడగలేదు."

వంగి తడిమాను.
నాచు, ఎండిన రెట్ట, నత్తగుల్ల.
ఆ చేతికి ఉలి లేని రోజు నేనెరగను.
ఈ రాతి మీద
ఒక్క దెబ్బ కూడా లేదు.